చదివించేవాళ్లు లేని చోట

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో జపనీస్ భాషలో బీఏ ఆనర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. ఇంటర్ ఎంపీసీ విజయవాడలో హాస్టల్ ఉన్న కాలేజీలో చదివాను. అక్కడ పొద్దున 5.30కు గంట కొడితే లేవాలి, రాత్రి 10.30కు లైట్లు తీసేస్తే పడుకోవాలి. ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో, ఏది ముఖ్యమో, ఏది వదిలేయవచ్చో అన్నీ వాళ్లే చెప్పేవారు. వెయ్యికి 962 వచ్చాయి. ఇక్కడ క్లాసులు రోజుకు మూడు నాలుగు గంటలే. మిగతా సమయమంతా నాదే. ఏం చేసుకోవాలో తెలియడం లేదు. అలాగని ఖాళీగా లేను. రోజూ 4 గంటలు కూర్చుంటాను. ఒక్కో కంజీని, అంటే చైనా నుంచి వచ్చిన జపనీస్ అక్షరాన్ని, 50 సార్లు రాస్తాను. పది రోజుల తర్వాత చూస్తే ఎప్పుడూ చూడనట్టే ఉంటుంది. ఫోనులో భాష నేర్పే యాప్‌లో 142 రోజులుగా ఒక్క రోజు కూడా తప్పలేదు. డిసెంబరులో జేఎల్‌పీటీ (జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష) ఎన్ 4 స్థాయి రాశాను. మొత్తం 96 వచ్చింది. కానీ వినికిడి భాగంలో 17 మాత్రమే రావడంతో ఫెయిల్. నా రూమ్మేటు పుస్తకం ముట్టదు, ఎప్పుడు చూసినా యానిమే (జపనీస్ కార్టూన్లు) చూస్తుంటుంది, నాకంటే బాగా మాట్లాడుతుంది. ఏం చేయాలని మా మేడమ్‌ను అడిగితే, ఇది యూనివర్సిటీ, మీ చదువు మీరే చూసుకోవాలి అన్నారు. నాన్న నన్ను ఎంతో కష్టపడి చదివిస్తున్నారు. ఆన్‌లైన్ కోచింగ్‌కు 30 వేలు కడతానంటున్నారు. అప్పు చేసి కడతారని నాకు తెలుసు. చేరమంటారా? అసలు నేను భాషలకు పనికిరానా? పేరు వేయవద్దు.

సమాధానం:

అమ్మాయీ, నా వయసు ఇచ్చిన చనువుతో నువ్వు అనే పిలుస్తాను. ముందు నీ మార్కుల కాగితం తీద్దాం. ఏడుపు సంగతి తర్వాత.

ఎన్ 4లో 180కి 90 వస్తే చాలు. కాకపోతే రెండు గడపలు దాటాలి. పదాలు, వ్యాకరణం, చదివి అర్థం చేసుకోవడం కలిపిన భాగంలో 120కి కనీసం 38, వినికిడిలో 60కి కనీసం 19. నీకు మొదటి భాగంలో వచ్చినవి 79. దాటాల్సినదానికి రెట్టింపు కంటే ఎక్కువ. రెండోదానిలో 2 తక్కువయ్యాయి. భాషలకు పనికిరాని మనిషికి ఏడాదిన్నరలో ఆ 79 రాదు. ఈ కాగితం చెబుతున్నదల్లా నువ్వు జపనీస్‌ను కళ్లతో చదివావనీ, చెవులను క్లాసు బయటే కూర్చోబెట్టావనీ.

కోచింగ్‌లో చేరవద్దు. ఇప్పుడైతే వద్దు. 30 వేలు ఒక కారణమే, అసలు కారణం అది కాదు. నీకు లేనిది పాఠం చెప్పేవాళ్లు కారు. పాఠాలు యూనివర్సిటీలో ఉన్నాయి, 79 తెచ్చుకునేంత బాగానే ఎక్కాయి. కోచింగ్‌లో నీకు దొరికేది మళ్లీ ఒక గంట, ఒక టైమ్ టేబుల్, ఆదివారం ఒక పరీక్ష. నీకు అది హాయిగానే ఉంటుంది. ఆ హాయే నాకు భయం.

నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. నాన్న చదివిస్తున్నారు అన్నావు. మన ఇళ్లలో ఎంత మామూలు మాట అది. పిల్లల్ని చదివిస్తున్నాం, ఇద్దరినీ చదివించాం. చదవడం, చదివించడం, చదువుకోవడం. ధాతువు ఒకటే. ‘ఇంచు’ చేరితే చేసేది ఒకరు, చేయించేది మరొకరు. ‘కొను’ చేరితే పనీ, పని ఫలమూ చేసినవాళ్లవే. వండటం, వండించడం, వండుకోవడం లాగే. నీకు ఊహ తెలిసినప్పటి నుంచి ‘చదివించు’ అనే క్రియకు నువ్వు కర్మవి. విజయవాడలో ఆ రెండేళ్లయితే మరీను. జపనీస్‌లోనూ ఈ రూపం ఉంది కదా, యొము అంటే చదువు, యొమసెరు అంటే చదివించు. ఎన్ 4 వ్యాకరణంలో అది వచ్చే ఉంటుంది. ‘కొను’కు మాత్రం అంత చక్కని ప్రత్యయం వాళ్ల దగ్గర లేదు. మన దగ్గర ఉంది, వాడటమే తక్కువ.

మీ మేడమ్ అన్న మాట తప్పు కాదు, కానీ సగంలో ఆగిపోయింది. 1979లో ఆన్రీ హొలెక్ అనే ఫ్రెంచి ఆచార్యుడు యూరప్ కౌన్సిల్ కోసం ఒక నివేదిక రాశాడు. నాన్సీ నగరంలోని విశ్వవిద్యాలయంలో పెద్దవాళ్లు భాషలు ఎలా నేర్చుకుంటున్నారో దగ్గరగా చూసినవాడు. నేర్చుకునేవాడి స్వేచ్ఛ, ఇంగ్లీషులో ‘అటానమీ’, అంటే తన చదువు బాధ్యతను తాను తీసుకోగల శక్తి అని నిర్వచించాడు. ఆ శక్తి ఎవరికీ పుట్టుకతో రాదని, నేర్చుకోవలసిందేనని అక్కడే రాశాడు. ఆ రెండో ముక్కను చాలామంది వదిలేస్తారు. పదిహేనేళ్లు చేయి పట్టుకుని నడిపించి, ఒక జూన్ నెలలో హఠాత్తుగా వదిలేసి, ఇక నీ కాళ్లు నీవే అంటే పిల్ల పడిపోదా? (మన దగ్గర కాలేజీ బోర్డుల మీద ‘అటానమస్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ స్వేచ్ఛ కాలేజీకే. లోపల కూర్చున్న పిల్లలకు గేటు దాటే స్వేచ్ఛ కూడా ఉండదు.)

హొలెక్ లెక్కలో ఆ బాధ్యతలో అయిదు నిర్ణయాలున్నాయి. లక్ష్యం ఏమిటి, ఏ వరుసలో ఏం నేర్చుకోవాలి, ఏ పద్ధతిలో, ఎప్పుడు ఎక్కడ ఎంత వేగంతో, చివరగా వచ్చిందో రాలేదో ఎలా తేల్చుకోవాలి. విజయవాడలో ఈ అయిదూ ఎవరివి? ఒక్కటి కూడా నీది కాదు. హైదరాబాద్ వచ్చాక మూడోదీ నాలుగోదీ నీ చేతికి వచ్చాయి. 50 సార్లు రాయాలన్నది నువ్వు ఎంచుకున్న పద్ధతి, 4 గంటలన్నది నువ్వు పెట్టుకున్న సమయం. అయిదోది మాత్రం ఇంకా ఎవరి చేతిలోనూ లేదు. గాలిలో ఉంది.

50 సార్లు, 4 గంటలు, 142 రోజులు. నువ్వు రాసిన ఈ అంకెలు మళ్లీ చూడు. మూడూ కూలి లెక్కలే. మీ నాన్నగారు మిర్చి వేస్తారో పత్తి వేస్తారో నువ్వు రాయలేదు. ఏది వేసినా, ఈ ఏడు పంట ఎలా ఉందని అడిగితే ఎన్ని తడులు పెట్టారో చెప్పరు, ఎన్ని క్వింటాళ్లు దిగిందో చెబుతారు. నీ చదువులో క్వింటాళ్ల లెక్క ఒక్కసారే వచ్చింది. అది కూడా పరీక్ష పెట్టినవాళ్లు పంపితే వచ్చింది. ఆ 17 ముందుగా నీకు తెలిసి ఉండాలి కదా. అక్టోబరులోనే తెలియాల్సింది.

ఇక కంజీల సంగతి. జపాన్ ప్రభుత్వం నిత్య వ్యవహారానికి నిర్ణయించిన పట్టికలో 2136 కంజీలున్నాయి. ఒక్కోటి 50 సార్లంటే లక్షా ఆరువేల ఎనిమిది వందల సార్లు రాయాలి. చేయి పడిపోతుంది. పోనీ రాస్తే వస్తుందా? నువ్వు రాస్తున్నప్పుడు నిన్ను నువ్వు గమనించు. మొదటిసారి చూసి రాస్తావు. రెండోసారి కొంచెం ఆలోచిస్తావు. అయిదోసారికి చేయి తానే తిరుగుతుంటుంది, మనసు మెస్సులో ఈ పూట కూర ఏమిటా అని వెళ్లిపోతుంది. మిగిలిన 45 సార్లు కాగితానికి వస్తాయి, నీకు రావు.

చూసి రాయడం మానెయ్. చూడకుండా రాయి. కార్డుకు ఒకవైపు తెలుగులో ‘విశ్రాంతి’ అని ఉండాలి, నువ్వు మనిషినీ చెట్టునూ పక్కపక్కన గీసి ఆ అక్షరాన్ని రప్పించాలి. చెట్టుకు ఆనుకున్న మనిషి, విశ్రాంతి. చెట్లు రెండైతే తోపు, మూడైతే అడవి. రాకపోతే అర నిమిషం గింజుకో. అప్పుడే వెనక్కి తిప్పకు. ఆ గింజుకోవడమే చదువు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఇంకో గుంపు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసింది. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారు. నవ్వు తెప్పించేది ఏమిటంటే, బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నదీ మళ్లీ మళ్లీ చదివినవాళ్లే. నీ రెండో రోజు ధీమా, పదో రోజు దిగులు రెండూ అక్కడి నుంచి వచ్చినవే.

మన దగ్గర అవధానులకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు అడిగిన పద్యాన్ని ఒకే ఊపులో చెప్పరు. ఆవృతానికి ఒక పాదం. మధ్యలో మిగతా ఏడుగురూ లాగుతుంటారు, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అప్పడాల సంగతో అల్లుడి సంగతో అడిగి విసిగిస్తుంటాడు. మళ్లీ వంతు వచ్చేసరికి తెగిన దారాన్ని వెతికి పట్టుకోవాలి. అన్నీ అయ్యాక ధారణ, మొత్తం పద్యాలు వరసగా అప్పగించాలి. చెప్పడం, కాసేపు వదిలేయడం, చూడకుండా వెనక్కి తెచ్చుకోవడం. నువ్వు చేస్తున్నది వల్లె వేయడం. నీకు కావలసింది ధారణ.

ఖర్చు లేని పని చెబుతాను. చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకుని లోపల నాలుగు అరలు చెయ్. కొత్త కార్డులన్నీ మొదటి అరలో, అవి రోజూ చూడాలి. వచ్చిన కార్డు రెండో అరలోకి వెళుతుంది, దాన్ని 3 రోజులకొకసారి చూస్తే చాలు. అక్కడా వస్తే మూడోదానికి, వారానికొకసారి. నాలుగోది 15 రోజులకు. ఏ అరలో తప్పినా మళ్లీ మొదటి అరకే. వైకుంఠపాళిలో పాము మింగినట్టు. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫోనులోనే కావాలంటే ‘అంకి’ అని ఉంది, కంఠస్థం చేయడం అనే అర్థమున్న జపనీస్ మాటే దాని పేరు. అయితే మొదటి రెండు నెలలు అట్టపెట్టెతోనే చెయ్యమంటాను. ఏ అరలో ఎన్ని కార్డులున్నాయో కంటికి కనిపిస్తుంది. నాలుగో అర నిండుతుంటే అదే నీ క్వింటాళ్ల లెక్క. రోజుకు 8 కొత్త కంజీలకు మించి వేయకు. పాతవి ఎలా పెరుగుతాయో పదిహేను రోజులకు నీకే తెలుస్తుంది.

ఒక మాట మధ్యలో. జేఎల్‌పీటీలో చేత్తో కంజీ రాయమని ఎక్కడా అడగరు. అన్నీ సరైన జవాబుకు గుర్తు పెట్టే ప్రశ్నలే. మాట్లాడమని కూడా అడగరు. మీ యూనివర్సిటీ పరీక్షలో రాయాలి కాబట్టి రాయడం మానవద్దు. కానీ నీ 4 గంటల్లో ఎంత భాగం ఏ పరీక్షకు పోతోందో ఎప్పుడైనా చూసుకున్నావా? అది మొదటి నిర్ణయం, లక్ష్యం. ఇంతవరకు నువ్వు ముట్టనిది.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకుంటున్న విషయానికి వస్తాను. నీ నోట్సు ఏ భాషలో ఉంది? ఇంగ్లీషులో అని పందెం కాస్తాను. పాఠ్యపుస్తకంలో వివరణ ఇంగ్లీషులో ఉంటుంది, క్లాసూ ఇంగ్లీషులో జరుగుతుంది, కాబట్టి నువ్వూ ఇంగ్లీషులోనే రాసుకుంటావు. పక్క వీధిలో ఉన్న చుట్టాల ఇంటికి లండన్ మీదుగా వెళుతున్నావన్నమాట. నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు రెండేళ్లు ఇదే తెలివితక్కువ పని చేశాను. ఒక రోజు మా జపాన్ ఉపాధ్యాయురాలు గది నుంచి బయటికి వెళుతూ ‘ఇత్తె కిమసు’ అన్నారు. ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం ముక్కలు ముక్కలుగా వినబడింది. ఇత్తె, వెళ్లి. కిమసు, వస్తాను. వెళ్లి వస్తాను! మా అమ్మ గడప దాటేటప్పుడు అనే మాట. దానికి వాళ్ల జవాబు కూడా వెళ్లి రండి అనే. ఇంగ్లీషులో దీనికి ఎంత వివరణ రాసుకున్నానో నా పాత నోట్సులో ఇప్పటికీ ఉంది, ఒక పేజీన్నర.

అక్కడి నుంచి వరసగా తలుపులు తెరుచుకున్నాయి. తబెతె మిరు, తిని చూడటం. చూడటం అనే క్రియే అక్కడా ఇక్కడా ప్రయత్నించడం అనే అర్థమిస్తోంది. కినో యొంద హొన్, నిన్న చదివిన పుస్తకం. మూడు మాటలకు మూడు మాటలు, అదే వరుస. ఇంగ్లీషులో అయితే పుస్తకం ముందుకొచ్చి, దాని వెనక ఒక తోక కట్టాలి. ‘కురు తొ ఇత్త’ అంటే వస్తానని అన్నాడు. ఆ ‘తొ’ మన ‘అని’. కొరె, సొరె, అరె, దొరె అనే వరుస మన ఇది, అది, ఏది లాంటిదే, మధ్యలో వాళ్లకు ఒకటి ఎక్కువ. తబెతె షిమత్త అంటే తినేయడం పూర్తయింది అని. మనం ‘తిని వేశాను’ను ‘తినేశాను’గా నలిపినట్టే వాళ్లు దాన్ని ‘తబెచత్త’ అని నలుపుతారు. వాక్యం చివర క్రియ ఉండటం ఇంగ్లీషు పిల్లలకు గండం. నీకు అది పుట్టిల్లు.

అందుకని ఒక కొత్త నోటు పుస్తకం తీసుకో. ప్రతి వ్యాకరణ రూపానికీ తెలుగులో దగ్గరి వాక్యం నువ్వే వెతికి రాయి. ఎక్కడ కుదురుతుందో రాయి. ఎక్కడ కుదరదో దాన్ని ఎర్ర సిరాతో రాయి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంటుంది. నామవాచకం వెనక చేరే ‘వా’, ‘గా’ అనే ప్రత్యయాల తేడాకు తెలుగులో నేరుగా అందే మాట లేదు. ఇంకొకటి, నీ వినికిడి మార్కులకు దీనితో సంబంధం ఉందని నా అనుమానం. తెలుగు క్రియ చివరను వింటే ఎవరు చేశారో తెలిసిపోతుంది. ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చింది. జపనీస్ క్రియకు ఆ తోక లేదు. పైగా కర్తను కూడా మింగేస్తారు. కాబట్టి మనం అలవాటు కొద్దీ క్రియ చివరిదాకా ఎదురుచూసి, అక్కడ ఏమీ దొరక్క తెల్లమొహం వేస్తాం. వాళ్లు ఆ సమాచారాన్ని వేరే చోట దాస్తారు. ‘కురెరు’ అంటే ఎవరో నాకో నా వాళ్లకో ఇవ్వడం. ‘అగెరు’ అంటే ఇక్కడి నుంచి అవతలివారికి ఇవ్వడం. ఎవరు ఎవరికి ఇచ్చారన్నది క్రియను ఎంచుకోవడంలోనే ఉంది. ఇది ఏ ఇంగ్లీషు పుస్తకమూ నీకు ఈ విధంగా చెప్పదు, ఎందుకంటే అది తెలుగు చెవి కోసం రాసింది కాదు. నీ చెవి గురించి నువ్వే రాసుకోవాలి.

నీ చెవిని తక్కువ చేయకు కూడా. ఒబసన్ అంటే పిన్నో అత్తో, ఒబాసన్ అంటే అమ్మమ్మో నానమ్మో. కితె వేరు, కిత్తె వేరు. ఈ హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు పట్టుకోలేక ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్లు నెలలు కష్టపడతారు. నీకు అవి ఓనమాలతోనే వచ్చాయి. నిన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. కాగితం మీద ‘సుకి’ అని ఉంటుంది, నోట్లో ‘స్కి’ అయిపోతుంది. ‘దెసు’ కాస్తా ‘దెస్’ అవుతుంది. అచ్చు ఎక్కడ మాయమవుతుందో కళ్లతో చదివితే తెలియదు.

రోజూ అరగంట దీనికి పెట్టు. రెండు నిమిషాల సంభాషణ ఒకటి చాలు, నీ పాఠ్యపుస్తకంతో వచ్చే ఆడియోలో బోలెడున్నాయి. మొదట పుస్తకం చూడకుండా విను. రెండోసారి ఆపుతూ ఆపుతూ, వినబడింది వినబడినట్టు కనలో, అంటే ధ్వనిని మాత్రమే చూపే జపనీస్ లిపిలో, రాయి. అప్పుడు పుస్తకం తెరిచి ఎక్కడ తప్పావో గుర్తు పెట్టు. తప్పు ఏ రకందో పక్కన తెలుగులో ఒక మాట రాయి: మాట తెలియదు, తెలుసు కానీ వినబడలేదు, ఎవరు ఎవరికన్నది అర్థం కాలేదు. చివరికి ఆ గొంతు వెనకే నీడలా నువ్వూ పలుకు, బాగా కుదిరేదాకా. నా రోజుల్లో ఒకే క్యాసెట్టు, ఒకే టేప్ రికార్డరు, బీరువా తాళం అటెండరు దగ్గర. వారానికి రెండుసార్లు దొరికితే గొప్ప. అరిగిపోయిన ఆ క్యాసెట్టులోని రైల్వే స్టేషన్ ప్రకటన నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పరీక్షలో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు కాబట్టి ఇన్నిసార్లు వినడం దేనికని అడుగుతావేమో. అక్కడ ఒక్కసారికే అందాలనే ఇక్కడ ఇన్నిసార్లు.

దీనికి సమయం ఎక్కడిదంటే, నీ 4 గంటలను రెండున్నరకు తగ్గించు. పొరపాటుగా రాయలేదు, తగ్గించమనే అంటున్నాను. కార్డులకు 30 నిమిషాలు, వినడానికి 30, తెలుగు నోటు పుస్తకంతో క్లాసు పాఠానికి ఒక గంట. మిగిలిన అరగంట నీ స్థాయికంటే ఒక మెట్టు కింద ఉన్న కథలు చదవడానికి. నిఘంటువు తీయకు. అర్థం కానిది దాటెయ్, విసుగనిపిస్తే ఆ పుస్తకం మూసి ఇంకొకటి తీసుకో. జపాన్‌లో దీన్ని తదొకు అంటారు, విరివిగా చదవడం. మొదట్లో నీకు ఇది చదువులాగే అనిపించదు, తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. పరవాలేదు, ఆ తప్పు చెయ్.

రూమ్మేటు సంగతి. ఆ అమ్మాయి మీద నీకు కొంచెం అసూయ ఉంది, ఉండనీ. ఆచార్యాత్ పాదమాదత్తే అని మనవాళ్లకు ఒక పాత శ్లోకం ఉంది. చదువులో పావు గురువు దగ్గర, పావు సొంత తెలివితో, పావు తోటి విద్యార్థుల దగ్గర, మిగిలిన పావు కాలం గడిచేకొద్దీ వస్తుందని లెక్క. నీ మూడో పావు పక్క మంచం మీద చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉంది. చదువు బాధ్యత తీసుకోవడమంటే ఒంటరిగా చదవడమని చాలామంది పొరబడతారు. ఆ అమ్మాయికి చెవి ఉంది, కంజీలు రావని నా ఊహ. నీకు కంజీలు ఉన్నాయి. రోజుకు 20 నిమిషాలు బేరం పెట్టుకోండి. తను చూసే దానిలో ఒక్క సన్నివేశం నువ్వు విని రాయాలి, తను దిద్దాలి. నీ అట్టపెట్టెలోంచి పది కార్డులు తను జవాబు చెప్పాలి. ఒక్క జాగ్రత్త. యానిమే భాషను క్లాసులోకి తేవద్దని చెప్పు. అందులో కుర్రాళ్లు మాటకు ముందు ‘ఒరె’ అంటుంటారు. అంటే ‘నేను’ అని, అదీ మొరటుగా. తెలుగువాళ్లకు అది ఎవరినో పిలిచినట్టుంటుంది, జపాన్ ఉపాధ్యాయులకు ఆడపిల్ల మీసం పెట్టుకుని వచ్చినట్టుంటుంది.

మీ మేడమ్ దగ్గరికి మళ్లీ వెళ్లు. ఈసారి ఏం చేయమంటారని అడగకు. ఆ ప్రశ్నకు ఎవరైనా అలాంటి జవాబే చెబుతారు, నేనూ నా రోజుల్లో చెప్పాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. రోజూ ఏవో అయిదు వాక్యాలు జపనీస్‌లో రాసుకుని, వారానికొకసారి అందులో ఒక్క వాక్యం తీసుకెళ్లు. ఇక్కడ ‘వా’ పెట్టాను, పుస్తకంలో ఇలాంటి చోట ‘గా’ ఉంది, తేడా ఏమిటి మేడమ్ అని అడుగు. 40 మంది ఉన్న క్లాసులో అలా అడిగే పిల్ల ఏడాదికి ఒకతె కనిపిస్తే ఉపాధ్యాయులకు పండగ.

ఆదివారం రాత్రి పావుగంట ఒక పని ఉంది. డెన్మార్క్‌లో లెనీ డామ్ అనే బడి పంతులమ్మ 1970ల నుంచి పదీ పన్నెండేళ్ల పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతూ ప్రతి పిల్లవాడి చేతా ఒక దినచర్య పుస్తకం రాయించేది. ఈ రోజు ఏం చేశాను, ఎలా సాగింది, తర్వాత ఏం చేస్తాను. పిల్లలే రాసేవారు, ఆమె చదివేది. తమ పనిని తాము తూచుకోవడం పదేళ్ల వాళ్లు నేర్చుకోగా లేనిది నీకు కష్టం కాదు. నీ పుస్తకం తెలుగులోనే ఉండనీ. ఎన్ని గంటలు చదివానో మాత్రం అందులో రాయకు. పోయిన ఆదివారం చేయలేనిది, ఈ ఆదివారం పుస్తకం మూసి ఏం చేయగలిగాను? టికెట్ కొనే సంభాషణ ఒక్కసారి విని అర్థం చేసుకున్నాను, నాలుగో అరలో 31 కార్డులున్నాయి, ఇలాంటివి. కొన్ని వారాలు రాయడానికి ఏమీ ఉండదు. ఖాళీ అని రాసి తేదీ వెయ్. వరసగా రెండు వారాలు ఖాళీ వస్తే పద్ధతి మార్చు, నిన్ను నువ్వు తిట్టుకోకు.

నాన్నగారికి నేను చెప్పానని చెప్పు, ఆ 30 వేలు జులై దాకా ఆగమను. ఫోనులో చెబితే ఫెయిల్ అన్న మాటే వినబడుతుంది. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మార్కుల కాగితం ఆయన ముందు పెట్టి 79, 17, 19 అంకెలు వేలితో చూపించు. పంట లెక్క తెలిసిన మనిషికి రెండు నిమిషాల పని. జులైలో మళ్లీ పరీక్ష ఉంది. అప్పటికీ వినికిడి 19 దాటకపోతే, నీ పుస్తకంలో తప్పుల రకాలు రాసి ఉంటాయి కదా, వాటిలో ఏది ఎక్కువగా ఉందో చూసి, సరిగ్గా ఆ ఒక్కదాని కోసం ఎవరి దగ్గరికైనా వెళ్లు. అప్పుడు కోచింగ్ తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఏం కొంటున్నావో నీకు తెలిసి కొంటావు.

ఇక ఆ యాప్. 142 రోజులంటే నిజంగా గొప్ప పట్టుదల, వెక్కిరించడం లేదు. కానీ అది నీ హాజరు పట్టీ. నువ్వు వచ్చావని రాస్తుంది, నీకు ఏం వచ్చిందో రాయదు. మానెయ్యమని అనను. ఒక్క రోజు మాత్రం, నువ్వే ఒక తేదీ ఎంచుకుని, కావాలని తెరవకు. ఆ అంకె సున్నా అవుతుంది. ఆ రాత్రి అట్టపెట్టె ముందు పెట్టుకుని మూడో అరలోని కార్డులు తియ్. ఎన్ని వచ్చాయో నాకు రాయి.